ఉద్దానం ఫేషన్

విజయనగరం ఆడవాళ్ళు కొంగుకి పిన్ను పెట్టకుండా కూరగాయల బజారుకి కూడా రారు. శ్రీకాకుళం వాళ్ళు ఎంత ఖరీదైన పట్టుచీర కట్టినా కాళ్ళకి హవాయి చెప్పులే వేస్తారు. బరంపురం వాళ్ళని వెనక నుంచి చూసినా పోల్చుకోవచ్చు, చీర అంచూ జాకెట్టూ ఒకే రంగులో ఉంటాయి. విశాఖపట్నం పిల్లలకి చున్నీ అంటే బ్యాగులో పెట్టుకు తిరిగే వస్తువు. ఈ తీర్పులేవీ నావి కావు, మా అక్కవి. నాకు బట్టల గురించి ఏమీ తెలియదు. ఇప్పటికీ బీరువాలో ముందు ఏది చేతికి తగిలితే అది చుట్టుకుని బడికి పాఠం చెప్పడానికి పోతాను.

మేం పెరిగింది నౌపడ దగ్గర, ఉప్పు మళ్ళ పక్క ఊళ్ళో. సెలవులొస్తే మాకు వినోదం రైల్వే ప్లాట్‌ఫారమే. పాసింజరు ఆగగానే దిగిన ఆడవాళ్ళని అక్క పైనుంచి కిందికి ఒకసారి చూసి ఊరి పేరు చెప్పేది. నేను నమ్మనట్టు మొహం పెడితే తిన్నగా వెళ్ళి వాళ్ళనే అడిగేసేది. "మీది ఇజీనారమేనా అమ్మా?" అవునంటే నా నెత్తిన మొట్టికాయ పడేది. కాదన్న సందర్భాలు తక్కువ. మా అమ్మకి ఈ సంగతి తెలిసి తిట్టిపోసింది. "కట్టుకోడానికి మంచి వోణీ ఒకటి నేదు గాని దేశంలో ఊళ్ళన్నిటికీ మార్కులేస్తాది. ఉట్టికెగరనేనమ్మ సొర్గానికెగిరిందంట!" అక్క పకపకా నవ్వేది.

మా బావుల్లో నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ కట్టదు, తెల్లబట్ట కొన్నాళ్ళకే మట్టిరంగు తిరుగుతుంది. అందుకే అక్కకి ఉద్దానం సంబంధం వచ్చినప్పుడు ఊరంతా దాని అదృష్టమే అదృష్టం అంది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పైగా తియ్యటి నీళ్ళు. చూసొచ్చాక అక్క నాతో పెళ్ళికొడుకు గురించి చెప్పనే లేదు. "సబ్బు పెడితే నురగే నురగంటే! ఇంక సూడు, నా సీరలు ఎలగ మెరుస్తాయో" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు మండిపోతుంది, ఎవరి మీద మండాలో తెలియదు. ఆ తోటల మధ్య ఊళ్ళలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయని అడిగితే కొందరు నీళ్ళంటారు, కొందరు ఎండంటారు, కొందరు పురుగుమందులంటారు. చదువుకున్నవాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతూనే ఉన్నారు. ఈలోగా అక్క అత్తగారు పోయింది, మరిది పోయాడు, ఆ తర్వాత జబ్బు అక్కకి వచ్చింది.

డయాలసిస్ చెయ్యాలంటే చేతిలో నరాలు కలిపి కుడతారు. అక్కకి ముందు మణికట్టు దగ్గర కుట్టారు, అది పనిచెయ్యలేదు. తర్వాత ఎడమ మోచేతి పైన కుట్టారు. అక్కడ వేళ్ళు ఆనిస్తే లోపల పిండిమర తిరుగుతున్నట్టు గుర్రుమంటుంది. ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండకూడదన్నారు, గాజులు కూడా తీయించేశారు. ముత్తయిదువ ఒక చేతికే గాజులతో తిరిగితే మా నౌపడ వైపు పదిమంది ఆపి అడుగుతారు. అక్క ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. వీధిలో అలాంటి చేతులు అప్పటికే చాలా ఉన్నాయి. నాకు నిజంగా భయం వేసింది ఆరోజే.

నేనుండే విజయనగరంలో జాకెట్టు ఇస్తే టైలరు మెడ ఎంత లోతు, వీపు మీద కిటికీ పెట్టాలా, చేతులకి బుట్టలు కావాలా అని ప్రాణం తీస్తాడు. అక్క ఊళ్ళో టైలరమ్మ కొలత టేపు మెడలో వేసుకుంటూ మొదట అడిగేది ఒకటే: "ఏ సెయ్యమ్మా?" చెప్పిన చేతికి జబ్బ దాకా చీలిక పెట్టి, వరసగా టిచ్ బటన్లు కుడుతుంది. సూది గుచ్చేటప్పుడు విప్పుకోవచ్చు, అయ్యాక నొక్కుకోవచ్చు. రెండో చెయ్యి మామూలే. అక్క దాన్ని కూడా ఊరికే వదల్లేదు. బటన్ల మీద చీర అంచు పట్టీ వేయించి, అది కావాలని కుట్టించుకున్నట్టే చేసింది.

డయాలసిస్ సెంటరులో నర్సమ్మలు నైటీ వేసుకు రమ్మనేవారు. అక్కడ అందరూ నైటీ మీద తువ్వాలు కప్పుకునే వస్తారు. అక్క ఒప్పుకోలేదు. "బస్సెక్కాల గదమ్మా, నైటీతో ఎలగొస్తాను? నలుగురూ సూడరా?" అని, ఒంట్లో ఓపిక లేకపోయినా గంజిపెట్టిన చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయల్దేరేది. ఆ పట్టుదల చూసి నేను పిచ్చిదానిలా ధైర్యం తెచ్చుకున్నాను. ముస్తాబయ్యే మనిషి పోదని ఎందుకో నా నమ్మకం.

దానికి ఒక్కతే కూతురు. జబ్బు సంగతి తెలిసిన ఏడే ఆ పిల్లని తెచ్చి విజయనగరంలో నా ఇంట్లో పెట్టి ఇంటర్లో చేర్పించింది. సెలవులకి కూడా ఊరికి రానివ్వదు. కూతుర్ని చూడాలంటే తనే బస్సెక్కి వస్తుంది. ఎప్పుడైనా పిల్ల పట్టుబట్టి వెళితే వెంట నీళ్ళ క్యాను పంపమంటుంది, ఆ ఇంటి నీళ్ళతో మొహం కూడా కడగనివ్వదు. రోజూ ఫోను చేసి అడిగేది చదువు గురించి కాదు. "పిల్ల ఏటేసుకున్నాదే ఇయ్యాల? ఇజీనారం పిల్లలాగే ఉన్నాదా?" పిల్ల జీన్సు వేసుకుందంటే సంతోషం, జుట్టు కత్తిరించుకుందంటే ఇంకా సంతోషం. చూడగానే ఆ పిల్లది ఉద్దానం అని ఎవరూ పోల్చుకోకూడదు. మా అక్కకి మిగిలిన ఆశల్లా అదే. కూతురు పూర్తిగా విజయనగరం పిల్ల అయిపోతే ఆ జబ్బు దాని గుమ్మం తొక్కదని అక్క లెక్క. అందులో శాస్త్రం లేదని నాకు తెలుసు. అయినా నేనూ పండగకి పిల్లకి కొత్త ఫేషన్లే కొనేదాన్ని.

మధ్యలో పెద్ద డాక్టరుకి చూపిద్దామని హైదరాబాదు తీసుకువెళ్ళాను. ఆయన ఇక్కడివాళ్ళు చెప్పిందే ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. రైలుకి టైముంటే అక్క పెద్ద బట్టలషాపు చూస్తానంది. ఆటోలో పోతూ దారిపొడుగునా మనుషుల్ని చూసి, "ఇంత పెద్ద ఊళ్ళో అందరూ ఒక్క కొట్లోనే కొన్నట్టున్నారేటే" అని పెదవి విరిచింది. మునపటి మా అక్కే కదా అని నవ్వుకున్నాను. షాపులో చీరలు పరుస్తున్న అమ్మాయి అక్క భుజం వైపు చూసింది. "ఆంటీ, ఈ స్లీవ్ చాలా బాగుందండీ. ఒక పక్కే ఓపెన్ పెట్టారు. కొత్త మోడలా?"

అక్క తడుముకోలేదు. "మా ఉద్దానం ఫేషనమ్మా. ఇంటికొకలం కుట్టించుకుంటాం" అంది.

ఆ అమ్మాయి ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది. అక్క నవ్వుతూ చెయ్యి ముందుకు పెట్టింది. నేను మెట్లమీదికి వచ్చేసి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

హైదరాబాదు నుంచి వచ్చాక అక్క మెల్లమెల్లగా జారిపోయింది. ఒళ్ళు నల్లబడింది. ఏ రంగు కట్టినా నప్పడం లేదని అద్దం చూడడం మానేసింది. మొన్న వానాకాలం సెలవు పెట్టి సెంటరు దగ్గరికి తిన్నగా వెళ్ళాను. బస్సులోంచి వరసగా దిగిన ఆడవాళ్ళలో దాన్ని వెతుక్కున్నాను. అందరూ నైటీలే, అందరి భుజాల మీదా తువ్వాళ్ళే. మా అక్క నన్ను దాటుకుని పోతూ "ఏటే, నన్ను పోల్చలేదేటి?" అంటే గాని నాకు తెలియలేదు. నైటీ అంచుకి బురద. అది ఆగకుండా లోపలికి పోయి మంచమెక్కింది.

ఈ మధ్య పిల్ల కాలేజీలో ఫేర్‌వెల్ పెట్టారు. అమ్మాయిలందరూ చీరలు కట్టుకోవాలన్నారు. నా చీరల్లో ఒకటి ఇద్దామనుకుంటుంటే అక్క ఫోను చేసి వద్దంది. చీర తనే కొంటుందట, జాకెట్టు తన టైలరమ్మే కుట్టాలట. చాన్నాళ్ళ తర్వాత దాని గొంతులో మునపటి పెంకితనం వినిపించింది. ఇంకా ఆశ ఉందనుకున్నాను. ఎగిరి గంతేసినంత పనిచేసి పిల్ల కొలత జాకెట్టు పంపించాను. మా బావ చీరా జాకెట్టూ తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. చిలకపచ్చ చీర, వంకాయరంగు అంచు. ఆ రోగంలో కూడా దాని కన్ను కన్నే.

పిల్ల వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "పిన్నీ, ఈ ఎడం సెయ్యి లోపల ఏటో లావుగా తగుల్తన్నాది. సూడవా?" అంది. జాకెట్టు విప్పించి తిరగేసి చూశాను. కుడి చేతి లోపల మామూలు కుట్టే. ఎడమ చేతి లోపల మాత్రం జబ్బ దాకా గుడ్డ మడతలు పెట్టి వదిలి ఉంది. కుట్టు విప్పి చీలిక పెట్టుకోవడానికి సరిపడా.

ఒళ్ళు తెలియని కోపంతో పెరట్లోకి వెళ్ళి టైలరమ్మకి ఫోను చేశాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల జాకెట్టుకి ఆ పాడు కుట్టేమిటని, నీకు బుద్ధుందా అని కేకలేశాను. ఆమె అంతా విని నెమ్మదిగా చెప్పింది.

"నాను వదల్లేదమ్మా. మీ అక్కే వదలమన్నాది. అయ్యో, అలగనకమ్మా, పిల్ల ఇజీనారంలో సుకంగా ఉన్నాది గదా అన్నాను. నేదు, వదులు, రేపు అవసరమైతే ఈ రంగు గుడ్డ దొరకదని ఏడిసింది. నానేటి సెయ్యను?"

ఫోను పెట్టేశాను. లోపలి నుంచి పిల్ల కత్తెర పట్టుకుని వచ్చింది. "ఆ గుడ్డ కత్తిరించీ పిన్నీ, ఫొటోల్లో సెయ్యి లావుగా పడతాది" అంది. కత్తెర తీసుకున్నాను, మడత వేళ్ళ మధ్య పట్టుకున్నాను కూడా. కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఉండనీవే, ఉతికితే జాకెట్టు కుదించుకుపోతుంది" అన్నాను.

దానికి కుట్టుపని గురించి ఏమీ తెలియదు, నమ్మేసింది. జాకెట్టు మళ్ళీ తొడుక్కుని, ఆలస్యమైపోతోందని చీర కట్టమంది.