పికప్ ర్యాక్ ముందు కాళ్లు

సైన్యంలో ఎన్ని తూటాలు పేల్చావని మా గోపాల్‌పేటలో ఇప్పటికీ అడుగుతారు. నేను పేల్చింది ఒక్కటే, ప్రెషర్ కుక్కర్. పదమూడు వేల అడుగుల ఎత్తులో ఉన్న పోస్టుకు చేరిన మొదటి రోజే పేల్చాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ని కాబట్టి వంటశాలలో సహాయకుడిగా వేశారు. పప్పు పోయి టెంటు కప్పుకు అంటుకుంది. సుబేదార్ సాబ్ వచ్చి, పైకి చూసి, నీకు ఇంకే పనైనా వచ్చా అని హిందీలో అడిగాడు. వెల్డింగ్ వచ్చు అన్నాను. ఆ పూటే వర్క్‌షాప్‌కు మార్చారు. నన్ను సాగనంపేటప్పుడు వంటవాళ్ల ముఖాల్లో ఉన్న సంతోషం నా పెళ్లిలో కూడా చూడలేదు.

అక్టోబర్ రెండో వారం. పగలు ఎండ ఉన్నా వేడి ఉండదు. తెల్లవారేసరికి మైనస్ పద్నాలుగు. వర్క్‌షాప్ అంటే మూడు వైపుల రేకు, నాలుగో వైపు టార్పాలిన్. ఒక జనరేటర్, ఒక వెల్డింగ్ మెషిన్, ఒక డ్రిల్లు. బయట ఒక పికప్. దాని డ్రైవర్‌ది గద్వాల అని తెలిసి వెతుక్కుంటూ పోయాను. టైరు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"ఏ ఊరు తమ్మీ?"

"గోపాల్‌పేట అన్నా."

"కుక్కర్ పేల్చింది నువ్వేనా?"

"గా సంగతి గద్వాల దాక పోయిందా?"

"ఇంకా పోలె. ఇయ్యాల ఫోన్ చేసి చెప్త."

నాకన్నా ఆరేళ్లు పెద్ద. ఇంట్లో గుంత మగ్గం. చీర అంచు నేసేటప్పుడు తెగిన పోగును చూడకుండానే ముడి వేసే చేతులు ఆయనవి. లోడుకు తాడు కట్టినా అంతే. ఎంత దూరం పోయినా వదులయ్యేది కాదు. కానీ కొస పట్టి గుంజితే చాలు, ఊడివచ్చేది. ఇంకో పద్నాలుగు నెలల్లో సర్వీసు అయిపోతుంది, పోయి మగ్గంలో కూర్చుంటానని రోజూ చెప్పేవాడు. మిగతావాళ్లు ఇంటి తిండి గురించి మాట్లాడేవాళ్లు. ఈయన చేతుల గురించి మాట్లాడేవాడు. చలికి వేళ్లు మొద్దుబారుతున్నాయని పొద్దున లేవగానే కొబ్బరినూనె రాసుకునేవాడు.

మంచు పడి దారి మూసుకునే లోపు కనుమ అవతలి చిన్న పోస్టుకు చలికాలం కిరోసిన్ చేరాలని ఆర్డర్ వచ్చింది. పికప్ వెనక బెడ్‌లో రేషన్ మూటలు. వాటిపైన ర్యాక్ కట్టి, ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు. గడువు మూడు రోజులు.

ర్యాక్ కట్టడం నాకు కొత్త కాదు. మా దిక్కున పశువుల మేతకు వేసే వేరుశనగ కట్టె లోడ్ చేయడానికి ఎన్ని బండ్లకు కట్టానో లెక్క లేదు. కానీ పికప్ బెడ్ అంటే పలుచటి రేకు. ర్యాక్ కాళ్లను దాని మీద ఊరికే నిలబెడితే చిరుగుతుంది. బెడ్ కింద అడ్డంగా ఇనుప చానల్ వేసి, దాన్ని చాసిస్‌కు బోల్టులతో బిగించి, కాళ్లను ఆ చానల్ మీదికి దించాలి. ముందు జతకు ఒకటి, వెనక జతకు ఒకటి. నా దగ్గర ఉన్నది ఒక్కటే చానల్.

దాన్ని వెనక వేశాను. ఇక్కడే ఆగి చెప్పాలి. మా దగ్గర ఎవడైనా వెనకే వేస్తాడు. కట్టె లోడు బండి దాటి వెనకకు వేలాడుతుంది. దారి చదును. బరువంతా వెనక కాళ్ల మీదే. అందుకే వెనక గట్టిచేసి, ముందు కాళ్లకు రేకు మీద జానెడు ప్లేటు పెట్టి అతికిస్తాం. ఒక్కటీ ఊడలేదు.

డ్రైవరన్న బండి కిందికి వంగి చూశాడు.

"ముందటి కాళ్లకు చానల్ ఏదిరా?"

"ఒక్కటే ఉందన్నా. ఇంకోటి కింది నుంచి రావాల్నంటె నాలుగు దినాలైతది."

"సాబ్‌కు చెప్పినవా?"

"ఏం చెప్త? ముందట బరువు ఏముంటది? ఎన్ని బండ్లు కట్టలె."

"సరె తియ్యి. మగ్గం నాకు తెల్సు, రేకు నీకు తెల్సు."

సాయంత్రం సుబేదార్ సాబ్ వచ్చాడు. నాలుగు కాళ్లూ చాసిస్‌కు పట్టాయా అని అడిగాడు. "సాబ్, ఏనుగును కట్టినా ఊడదు" అన్నాను. ఆయన నవ్వాడు. అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదని ఆయన గమనించలేదు. నేను గమనించాను.

ఉదయం ఏడు పదికి బయలుదేరాం. పక్క సీట్లో నేను, నా ఒళ్లో వైర్‌లెస్ సెట్. తొమ్మిది నలభైకి కనుమ మీది చెక్‌పోస్టు దాటాం. అక్కడి నుంచి అవతలి పోస్టుకు ఆరు కిలోమీటర్లు, మొత్తం దిగుడే. బ్రేకు తొక్కిన ప్రతిసారీ రెండు వందల కిలోలకు పైగా బరువు ముందుకు వచ్చి ముందు కాళ్ల మీద పడుతోంది. నాకు ఆ సంగతి మూడో మలుపులో అర్థమైంది. క్యాబిన్ వెనక ఇనుము కిర్రుమంది.

ఆయన బండి ఆపాడు. దిగి చక్రానికి రాయి పెట్టాడు. బెడ్ అంచు పట్టుకుని పైకెక్కాడు.

"తమ్మీ, ముందటి కాలు ఊగుతుందిరా. దిగి చూడు."

బయట గాలి సూదుల్లా ఉంది. నేను దిగలేదు. "ఊగితె ఊగనీయన్నా, ఊయల అనుకో. పోదాం పా" అన్నాను.

ఆయన ప్లేటు తడిమి చూడడానికి కుడి చెయ్యి ర్యాక్ పైపుకూ క్యాబిన్‌కూ మధ్య పెట్టాడు. రేకు చిరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పాత బట్ట చిరిగినట్టు చిరిగింది. ర్యాక్ లోడుతో సహా ముందుకు ఒరిగి ఆయన చెయ్యి మీద ఆగింది.

తాళ్లు వదులైతే క్యాన్లు దొర్లిపోయి బరువు తగ్గేది. ఆయన కట్టిన తాళ్లు, వదులు కాలేదు. నేను కత్తి తీసి కోయడం మొదలుపెట్టాను. గడ్డకట్టిన తాడు, తెగదు.

"కొయ్యకురా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఎడమ దిక్కు ముడి. కొస గుంజు. ఊడుతది."

గుంజాను. ఊడింది.

"ఇగ దాని పక్కది."

ఎనిమిది ముళ్లు. ఒక్కొక్కటీ ఆయనే చెప్పాడు. క్యాన్లు దించి, ర్యాక్ ఎత్తి, చెయ్యి బయటికి తీయడానికి పదకొండు నిమిషాలు. గ్లోవ్ క్యాబిన్‌కు అంటుకుని అక్కడే ఉండిపోయింది. సెట్ తీసుకున్నాను.

"కనుమ, ఇది పికప్. బండి ఆగింది. మనిషికి దెబ్బ. ఓవర్."

"ఎక్కడ దెబ్బ? ఓవర్."

"కుడి చెయ్యి. ఓవర్."

"స్పృహలో ఉన్నాడా? ఓవర్."

"నన్ను తిడుతున్నాడు. ఓవర్."

నిజానికి ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని నేనే అలా చెప్పాను.

మిలిటరీ దవాఖానలో మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. విచారణలో ఆయన ఎడమ చేత్తో వంకరటింకర అక్షరాలు రాశాడు. బండి దిగి నా అంతట నేనే చెయ్యి పెట్టాను, ఎవరి తప్పూ లేదు అని. దాని కింద సాక్షి సంతకం నాది. చానల్ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పికప్‌ను లాక్కొచ్చి నా వర్క్‌షాప్ ముందే పెట్టారు. క్యాబిన్ వెనక గ్లోవ్ ఇంకా అంటుకునే ఉంది. చదునై, గడ్డకట్టి, ఆగమన్నట్టు చాచిన చెయ్యిలా. వేడినీళ్లు పోసి ఊడదీశాను. దానికి ఐదు వేళ్లూ ఉన్నాయి. ఆ తర్వాత నేను చాలా చూశాను. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి ఎత్తి ఆగమంటే నాకు కనిపించేది ఆ గ్లోవే.

ఆయన నాకన్నా ముందే ఇంటికొచ్చాడు. నేను వచ్చి గోపాల్‌పేటలో నాగర్‌కర్నూల్ రోడ్డు పక్కన వెల్డింగ్ షెడ్డు వేసుకున్నాను. గద్వాలకు గంటన్నర దారి. పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మగ్గంలో వదినె కూర్చుని ఉంది. అంచు దిక్కున ఆయన. నేను చూస్తుండగానే ఒక పోగు తెగింది. ఆయన చెయ్యి దాని దాకా పోయి ఆగింది. "జర చూడు" అన్నాడు. వదినె లేచి వచ్చి ముడి వేసి పోయింది. అది వాళ్లకు అలవాటైన పని.

చానల్ సంగతి మొత్తం అప్పుడు చెప్పాను. సాబ్ ఏం అడిగాడో, నేను ఏం చెప్పానో కూడా.

"నాకు తెల్సు" అన్నాడు. "బండి కిందికి వంగి చూసింది నేనే గద. చూసి కూడ తోలిన." వాకిట్లో ఉన్న బండి చూపించి, "పికప్ కొన్న. నూలు మూటలు, మగ్గం కట్టెలు ఏసుకొని పోవాలె. ర్యాక్ కట్టియ్యి" అన్నాడు.

"నన్నే అడుగుతున్నవా అన్నా?"

"ఇంకెవన్ని అడగాలె? యాడ చిరుగుతదో నీకే గద తెల్సు."

ఒక్క రోజు పని. నాలుగు రోజులు చేశాను. చానల్ మొదట ముందే వేశాను, తర్వాత వెనక. బెడ్ కింద నిలువుగా రెండు పట్టీలు కలిపాను. ఒక్కో కాలికి నాలుగు బోల్టులు. ఆయన వచ్చి బండి కిందికి వంగి, ఒక్కో బోల్టునూ ఎడమ చేత్తో తడిమి చూశాడు. నా నోరు ఊరుకోలేదు.

"ఏనుగును కట్టినా ఊడదన్నా. అనుమానముంటె చెయ్యి పెట్టి చూడు."

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, డ్రైవర్ సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేశాడు.

"నా చెయ్యి చూసొచ్చిందిరా తమ్మీ. ఈపారి నీది పెట్టు, నేను బ్రేకు తొక్కుత."