బిగుసుకున్న వేళ్లకు డ్రిల్ మిషన్ ఆసరా

ఆ రోజు పొద్దున చాయ్ గ్లాసు నా వేళ్లకు చిక్కలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాను. వేళ్ల కణుపులు ఉబ్బాయి, పిడికిలి ముడవడం లేదు. మధ్యాహ్నానికి కాస్త సర్దుకుంది. మర్నాడు మళ్లీ అంతే.

నాది ఆర్మూర్. ఇంటి వెనుక రేకుల షెడ్డులో చెక్క పని చేస్తాను. ఎక్కువగా పీటలే. మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్లు రోజంతా వాటి మీదే కూర్చుంటారు. షెడ్డులో నిలబెట్టిన డ్రిల్ మిషన్ ఒకటి ఉంది. బెజ్జాలు వేయడానికి తప్ప దాన్ని దేనికీ వాడలేదు.

కొన్నాళ్లకు ఉప్పు కాగితం పట్టి చెక్కను రుద్దడం కూడా నావల్ల కాలేదు. నా భార్య ప్రమీల ఇక ఊరుకోలేదు.

"నూనె రుద్దుడు చాలు. నిజామాబాద్ల పెద్ద దవాఖానకు పోదాం, నడువుండ్రి."

అక్కడ ఎక్స్‌రే తీశారు. ఈఎస్ఆర్, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేశారు. "ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్. మీ ఇమ్యూనిటీయే మీ జాయింట్స్ మీద పడుతోంది. భయపడకండి, కంట్రోల్ చేయొచ్చు" అన్నారు డాక్టరమ్మ. మెథోట్రెక్సేట్ మాత్రలు రాసి, వారానికి ఒక్కసారే వేసుకోవాలని మళ్లీ మళ్లీ చెప్పారు.

వాపు తగ్గింది. అంతలో రక్త పరీక్షలో లివర్ ఎంజైమ్స్ పెరిగాయని మందు ఆపారు. వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. మిషన్ అమ్మేద్దామన్నాను. ప్రమీల మాత్రం, నేను కష్టపడి బెజ్జం వేస్తుంటే ఫోన్లో వీడియో తీసింది. తర్వాతి చెకప్‌లో దాన్ని ఫిజియోథెరపిస్టుకు చూపించి, నేను మిషన్ అమ్ముతానంటున్నానని చెప్పింది.

అతను రెండుసార్లు చూశాడు. "మిషన్ ఎందుకు అమ్ముతరన్నా? చెక్కను చేత్తోని గట్టిగ వట్టుకునుడే మీకు దెబ్బ కొడుతున్నది. గా పని క్లాంప్‌కు ఇడువుండ్రి."

ఇల్లు చేరేదాకా మనసు ఆగలేదు! మిషన్ బల్లకు చెక్కను క్లాంప్‌తో, అదే మర తిప్పే ఇనుప పట్టుతో, బిగించాను. హ్యాండిల్‌కు సైకిల్ ట్యూబ్ చుట్టి లావు చేశాను. ఇప్పుడు వేళ్లు ముడవకుండా అరచేత్తోనే కిందికి నొక్కొచ్చు. పక్కన నిలబడి చూస్తున్న ప్రమీల అడిగింది.

"గదెట్లాగూ గిర్రున తిరుగుతది గదా, ఉప్పు కాగితం దానికే తొడుగరాదు?"

మర్నాడే బజారులో శాండింగ్ డ్రమ్ వెతికి తెచ్చాను. ఉప్పు కాగితం తొడిగిన చిన్న రబ్బరు దిమ్మ అది. మిషన్‌కు బిగించి, వేగం తగ్గించి, పీట అంచును మెల్లగా ఆనించాను. అంచు వెన్నలా నునుపెక్కింది! సంతోషం పట్టలేక కేక వేశాను. తర్వాత హోల్‌సా అనే గుండ్రటి రంపం బిగించి పీట మధ్యలో చేయి దూరేంత సందు కోశాను. ఆ పీటను మార్కెట్లో కొమ్ములు ఏరే లక్ష్మక్క ఒంటిచేత్తో ఎత్తి చూసింది.

"మస్తున్నది తమ్మీ! మా జట్టుల అందరికి గిసొంటియే కావాలె."

మందు తక్కువ డోసుతో మళ్లీ మొదలైంది. లివర్ రిపోర్టులు ఇప్పుడు నార్మల్. పొద్దున వేళ్లు ఇంకా కాసేపు మొరాయిస్తాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచి, కదలిక వచ్చాకే షెడ్డుకు వెళ్తాను. ఆ కాసేపూ బుర్రలో కొత్త ఆలోచనలే. ప్రస్తుతం బండి బొమ్మకు చక్రాలు కోస్తున్నాను.

నాలాంటివాళ్లకు చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గర "నొప్పి" అని చెప్పి ఊరుకోకండి. మీరు రోజూ చేసే పనిని వీడియో తీసి చూపించండి. మానేయాలా అని అడగకండి, ఎలా చేయాలో అడగండి.