మామగారి కారుకు టాక్సీ ఇంజన్

అరవైల చివర నేను యూనివర్సిటీలో లెక్చరర్ని. తార్నాకలో మా అద్దె ఇల్లు వాలు మీద ఉండేది. ఆ ఇంటిని నేను ఎంచుకున్నది గాలీ వెలుతురూ చూసి కాదు, ఆ వాలు చూసి. మా కారు ఇంజన్ చల్లబడితే సెల్ఫ్ కొట్టినా లేచేది కాదు. పొద్దున చక్రం కింది రాయి తీస్తే దానంతటదే దొర్లేది, రెండో గేర్ వేస్తే దగ్గి లేచేది. కాలేజీ దగ్గర తోటి లెక్చరర్లు స్కూటర్లకు చెట్టు నీడ వెతుక్కుంటే, నేను నేల ఎటు వాలిందో వెతుక్కునేవాణ్ణి.

అది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. రైల్వేలో ఆఫీసరుగా చేసిన మా మామగారు, దేశం వదిలిపోతున్న ఒక దొర దగ్గర కొన్నారు. చూపు మందగించాక నాకిచ్చారు. ప్రతి ఆదివారం మెట్టుగూడలో వాళ్లింటికి తెచ్చి ఆయన్ను ఒక చుట్టు తిప్పాలి, అంతే ఒప్పందం. మలుపులో చప్పుడు వినగానే ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడేవారు. ఎక్కాక చెవులతోనే కారు నడిపేవారు. "గిప్పుడు మూడోది వెయ్యుండ్రి" అనేవారు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. నాకు ఒళ్లు మండేది, అయినా వేసేవాణ్ణి.

ముషీరాబాద్ మెకానిక్‌ది చాన్నాళ్లుగా ఒకటే పాట. "సాబ్, దీని సామాన్ యాడ దొరకది. టాక్సీ ఇంజన్ పెట్టేద్దాం, పరేషానే ఉండది." నాకేం అభ్యంతరం లేదు. కారు ఉన్నది ఎక్కడానికి, పూజ చేయడానికి కాదు. మామగారి చెవిన వేస్తే, "టాక్సీ ఇంజన్ పెడితే అది టాక్సీనే అయితది. నా కండ్లు పోతున్నయి, దాని గొంతు గూడ పోవాల్నా?" అన్నారు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని అత్తమ్మ పట్టు. ఆమెను మెట్టుగూడకు తీసుకెళ్లారు. ఆస్పత్రికి పోవడానికి కారూ నేనూ కూడా అక్కడే ఉండాలన్నారు. అందరం అన్నీ ఆలోచించాం, ఆ ఇల్లు పల్లంలో ఉందన్న సంగతి తప్ప. ఆదివారాలు ఇంజన్ వేడి మీద ఉండేది కాబట్టి అక్కడ వాలు అవసరమే రాలేదు.

నేను కారుతో అక్కడికి చేరిన మర్నాడు పొద్దున అది లేవలేదు. వీధి రెండు వైపులా ఎత్తే. రైల్వే క్వార్టర్స్ నుంచి డ్యూటీకి పోతున్నవాళ్లు పాపం సైకిళ్లు ఆపి తోశారు. కొంత ఎక్కి మళ్లీ వెనక్కి వచ్చింది.

"నొప్పులు వచ్చిననాడు నేను గూడ దిగి తోయాల్నా?" అంది మా ఆవిడ గేటు పట్టుకుని. నవ్వుతూనే అంది గానీ భయపడిందని తెలుస్తోంది. నాకూ భయం వేసింది. ఆ వీధిలో టాక్సీ దొరకడం కల్ల.

మామగారు వరండాలో కూర్చుని అంతా విన్నారు. సెల్ఫ్ గీరుకుని గీరుకుని ఆగిపోయాక, "ఇంజన్ మార్పియ్యుండ్రి" అన్నారు.

"ఇంకోసారి చూస్త మామా."

"ఏం చూస్తరు? నా బిడ్డ కన్న ఎక్కువనా అది?" అని లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

కారుకు తాడు కట్టి ముషీరాబాద్‌కు లాక్కెళ్లారు. అది టాక్సీ ఇంజన్‌తో తిరిగొచ్చిన కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నొప్పులు మొదలయ్యాయి. తాళం తిప్పగానే కారు లేచింది. నేలకు జానెడెత్తున ఉండే సీట్లో మా ఆవిడను కూర్చోబెట్టేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మూడో మనిషికి చోటు లేదు కాబట్టి అత్తమ్మ రిక్షాలో వచ్చింది. చీకటి పడకముందే ఆడపిల్ల పుట్టింది.

ఆ కబురు చెప్పడానికి మెట్టుగూడ వచ్చాను. మలుపులో ఈ కొత్త చప్పుడుకు మామగారు గేటు దగ్గరికి రాలేదు. నేను కారు ఆపి దిగితే, వరండాలోంచే మర్యాదగా, "ఎవరు కావాలె?" అని అడిగారు.

"నేనే మామా. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

ఆయన చేయి చాపారు, పట్టుకున్నాను. కళ్లు తుడుచుకుని, చెప్పులు వెతుక్కుని, "నడువుండ్రి, చూసొద్దాం" అన్నారు. కారెక్కాక ఎప్పటిలాగే తల పక్కకు వంచి విన్నారు. ఎత్తు ఎక్కాం, క్వార్టర్స్ దాటాం. నేను నా ఇష్టం వచ్చినట్టు గేర్లు మార్చుకున్నాను. చాలా దూరం పోయాక ఆయన మెల్లగా అడిగారు.

"గిప్పుడు ఏ గేర్ల ఉన్నం?"

"మూడోదాంట్ల మామా" అన్నాను.