ముఖం కనిపించని ఫోటోలు

నా బిడ్డ పోయి ఇరవై రెండు రోజులైంది. డిగ్రీ రెండో ఏడు చదువుతూ పట్నంలో హాస్టల్లో ఉండేది. ఆ పొద్దున నేను కోహీర్ దిక్కు మా చేనులో కలుపు తీస్తుంటే వార్డెనమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, మీ పాప కింద పడిపోయింది. దవాఖానకు తెచ్చినం. జల్ది రండి." జహీరాబాద్‌లో బస్సు దొరికి నేను చేరేసరికి దానికి తెలివి లేదు. పొద్దు గూకేసరికి పోయిందని డాక్టర్ చెప్పాడు. అప్పటికీ నా గోళ్లలో చేని మట్టి అట్లాగే ఉంది.

నేను ఐదు దాకే చదివాను. రాయడం అలవాటు లేదు. కానీ దాని గురించి ఎవరో ఒకరు రాయాలి. దాన్ని అందరికంటే ఎక్కువ చూసింది నేనే. చూశాననే అనుకున్నాను.

బడులు మూసి ఫోన్లో పాఠాలు చెప్పిన ఏడు దానికి ఫోన్ కొన్నాం. పాఠాలతో పాటు ఫోటోలు పంపుకునే ఆట ఒకటి వచ్చింది. వచ్చిన ఫోటోను ఒకసారి చూస్తే మాయమవుతుంది. పేరు పక్కన చిన్న మంట బొమ్మ, ఎన్ని రోజులు ఆపకుండా పంపుకున్నారో ఆ అంకె. ఒక్కరోజు తప్పితే మంట ఆరిపోతుంది. నా ఫోన్లో కూడా పెట్టింది.

"చూస్తే పోయేదానికి పంపుడెందుకే?" అన్నాను.

"రొట్టె తింటే పోతది. మరి నువ్వు రోజు ఎందుకు చేస్తున్నవే అమ్మా?" అంది.

అట్లా ఉండేది దాని మాట. ముఖానికి కుక్క చెవులు పెట్టుకుని, నాలుక చాపి, కళ్లు మెల్ల చేసి పంపేది. నేను జొన్న కంకి, బర్రె కొమ్ము పంపేదాన్ని. "ఇయ్యాల సుత నీ బొటనవేలే వచ్చింది. కంకి యాడున్నది?" అని పకపకా నవ్వేది. పక్క గదిలో ఉండి కూడా పంపేది. మా మంట అంకె నాలుగు వందలు దాటింది.

హాస్టల్‌కు పోయాక మొదట్లో రోజూ ముఖమే వచ్చేది. ఒకరోజు రాలేదు. మంట ఆరిపోయింది.

"ఏందే, మర్చిపోయినవా?"

"పెద్దగయిన గదనే. అది చిన్నపోరగాండ్ల ఆట."

ఫోన్ పిచ్చి తగ్గిందని మురిసిపోయి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

తర్వాత వారానికి ఒకటి వచ్చేది. అందులో ముఖం ఉండేది కాదు. తిరిగే ఫ్యాను, తడి చెప్పులు, మంచం మీద పాదం. ఆ పాదానికి నేను కొన్న పట్టీ, కండలోకి దిగి ఉంది. చూశాను. మాయమైంది.

"మొఖం చూపియ్యవేందే?" అని అడిగితే, "మొఖంల ఏమున్నదే, ఎప్పటిదే," అంది.

దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. పక్కింటామె గడపలోనే, "ఏం వదినె, బిడ్డకు హాస్టల్ తిండి మంచిగ వట్టింది! బుగ్గలు బూరెలైనయ్," అంది. నాకు గర్వమైంది, వెంటనే భయమైంది. ఆమె పోగానే ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని దిష్టి తీశాను. పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా నమ్మకం. "చూసినవా, ఎంత దిష్టి తాకిందో!" అన్నాను. అది ముఖం తిప్పుకుంది.

తిరిగి హాస్టల్‌కు పోయే రోజు, "పచ్చడి వద్దే అమ్మా. ఉప్పుది తింటే ఒళ్లంత బరువైతున్నది," అంది.

"ఆ నీళ్ల పప్పుతోని ఎట్ల తింటవ్?" అని మామిడికాయ పచ్చడి సీసా సంచిలో కుక్కాను.

దవాఖానలో డాక్టర్ నన్ను అడిగాడు. "ముఖం వాపు ఎప్పటి నుంచి ఉందమ్మా?"

"వాపా సారూ?" అన్నాను.

రెండు కిడ్నీలూ ఎప్పుడో చెడిపోయాయట. వాపును చూసి బలుపనుకున్నట్టు అని మా దగ్గర సామెత. ఎవరినైనా ఎగతాళి చేయడానికి వాడతాం.

దాని దోస్తు సామాను తెచ్చి ఇచ్చింది. "మొఖం ఉబ్బిందని ఫోటోలు దిగుడే బంద్ చేసింది ఆంటీ. మాకెవ్వరికి పంపలే. ఆ ఫ్యాన్లు, చెప్పులు మీకొక్కరికే." ఆ మాటకు కడుపు నిండింది. వెంటనే మండింది.

ఆ పొద్దున నేను కలుపులో ఉండగా నా బిడ్డ ఒక ఫోటో పంపింది. ఇంకా తెరవలేదు. దాని పేరు పక్కన ఎర్రగా చిన్న చదరం ఉంది. తెరిస్తే ఒక్కసారే కనిపిస్తుంది. తెరవకపోతే నెల దాటాక దానంతటదే పోతుందని దోస్తు చెప్పింది. అందులో ముఖముందో, పాదమే ఉందో.

రోజూ ఈరోజు తెరుద్దామనుకుంటాను. రోజూ ఆగిపోతాను. తెరిచే రోజు పొద్దున్నే గడపలో, మంచి వెలుతురులో కూర్చుని తెరవాలి. ఈసారి మురిసిపోకుండా చూడాలి.

అప్పటిదాకా ఫోన్ గూట్లో చార్జింగులో ఉంటుంది. పక్కనే హాస్టల్ నుంచి తిరిగొచ్చిన పచ్చడి సీసా. మూతికి నేను కట్టిన గుడ్డ, నేను వేసిన ముడి, అట్లాగే ఉన్నాయి.