కూలర్‌లో జీనువాయి పిట్టలు

మంచిర్యాలలో ఉండే మహమూద్, శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ముప్పై రెండేళ్లు మస్టర్ రాసిన గుమాస్తా. డ్యూటీకి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తేల్చడమే ఆయన జీవితం. రిటైరయ్యాక తేల్చడానికి ఏమీ దొరక్క చిక్కిపోయాడు. మొన్న ఏప్రిల్‌లో ఆ కొరత తీరింది. కిటికీకి బిగించిన కూలర్ గడ్డి సందులో పిచ్చుకంతేసి పిట్టల జంట ఒకటి ఐదు గుడ్లు పెట్టింది.

భార్య షకీలా స్విచ్ మీద వేలు పెట్టింది. ఆయన ఆ వేలు పట్టుకున్నాడు.

పిట్టల సంగతి తెలిసిన పక్కింటి సదానందం వచ్చి చూశాడు.

“జీనువాయి పిట్టలు భాయ్. వీట్ల రెండు జాతులున్నయి. కడుపు తెల్లగున్నదైతే పదకొండు దినాలకు పిల్లలైతయి. రొమ్ము మీద చుక్కలున్నదైతే పదహారు దినాలు పడ్తది.”

“పదకొండైతే ఓర్సుకుంట,” అంది షకీలా. “పదహారైతే గుడ్లకంటె ముందు నేనే ఉడుకుత.”

జాతి తేల్చే బాధ్యత మహమూద్ స్వీకరించాడు. కుర్చీ వేసుకుని పాత పద్ధతిలో మస్టర్ తెరిచాడు. సదానందం చెప్పినదాని ప్రకారం రెండు జాతులకూ ముక్కు ఒకటే, గింజ పగలగొట్టే లావు ముక్కు. తిండీ ఒకటే, కొర్రలో నూకలో. ఆడదీ మగదీ షిఫ్టుల వారీగా పొదగడమూ ఒకటే. హాజరు నూటికి నూరు. గనిలో ఎన్నడూ చూడని ఆ హాజరుకు ఆయన కళ్లు చెమర్చాయి గానీ, జాతి మాత్రం తేలలేదు.

ఇక రొమ్మే సాక్ష్యం. సోమవారం తెల్లగా ఉంది. మంగళవారం పిట్ట బొగ్గు లారీల రోడ్డు మీద దుమ్ములో పొర్లి చుక్కలతో వచ్చింది. బుధవారం ఎక్కడో స్నానం చేసి మళ్లీ తెల్లబడింది.

“దినానికో జాతి! జర కూడా డిసిప్లిన్ లేదు,” అన్నాడు మహమూద్.

“పిట్ట తానం కనవడ్డది గని నా తానం కనవడ్తలేదా? కూసున్న కాడ్నే అయితున్నది,” అంది షకీలా, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

గుడ్లు పదమూడో రోజు పగిలాయి. పదకొండూ కాదు, పదహారూ కాదు. మహమూద్ పెన్ను మూశాడు. షకీలా స్విచ్ దగ్గరికి నడిచింది. సదానందం గొంతు సవరించుకున్నాడు.

“భాభీ, పిల్లలు ఎగరనీకె ఇంక మూడు వారాలు. ఏ జాతైనా గంతే.”

“గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలే?”

“మీరు గుడ్ల గురించే అడిగిండ్రు.”

షకీలా ఆయనను ఎగాదిగా చూసింది. “మీ కూలర్ల ఏ పిట్టలున్నయన్నా?”

“మా దాంట్ల ఏం లేవు.”

ఆమె చాపా దిండూ చంకన పెట్టుకుని, సదానందం భార్య వనజ దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా సదానందం తన దిండుతో గుమ్మంలో నిలబడ్డాడు. “ఆడోళ్లిద్దరు తలుపు పెట్టుకున్నరు. జర జరుగు భాయ్.”