కొండ కింద ఒకే ఒక్క స్లాబు ఇల్లు

దూరవిద్యలో ఎం.ఏ. ముగించి, పిహెచ్‌డీకి ప్రణాళిక రాసుకుంటున్నాను. రెండు కొండ ప్రాంతాల్లో పర్యావరణాన్నీ జనజీవనాన్నీ పోల్చి చూడాలని ఉద్దేశం. ఒకటి పాడేరు వైపు, రెండోది మన పల్నాడులో. సోమవారం ఇంటర్వ్యూ. ఈలోపు ఇక్కడి కొండ ఏదో ఖాయం చేసుకోవాలని బయలుదేరాను.

నరసరావుపేటలో ఏడింటికి బస్సెక్కితే పిడుగురాళ్ళ మీదుగా దాచేపల్లికి గంటన్నర పైనే పట్టింది. అక్కడి నుంచి కొండ కింది కాలనీకి ఆటో, యాభై రూపాయలు. కాలనీ పేరు రాయను. కొండ చూడటానికి వచ్చానంటే డ్రైవరు నవ్వాడు. "అయితే తొందరగా చూసుకోండి సార్. మళ్ళీ వచ్చేసరికి ఉంటదో లేదో."

కొండ ఇటువైపు పచ్చగానే ఉంది. అటువైపు సగం క్వారీ తినేసింది. అంతవరకు ఊహించిందే. పాడేరుతో పోల్చే నా చదువు సంగతి కనబడినవాళ్ళకల్లా చెబుతూ కాలనీ అంతా తిరిగాను. పన్నెండు కావస్తుండగా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు అన్నం గిన్నెలతో, చంకలో పిల్లలతో ఒకే ఇంట్లోకి పోతున్నారు. బారసాల కాబోలనుకుని, పిలవని చోటికి వెళ్ళలేక బయటే నిలబడ్డాను. ఇంటావిడ మల్లేశ్వరి వచ్చి నా సంచి పట్టుకుని లోపలికి లాగింది.

క్వారీ వైపు నుంచి హెచ్చరిక ఈల వినిపించింది. వెంటనే నేల అదిరింది. ఎదురింటి రేకుల మీద రాళ్ళు పడ్డాయి. నేను గోడకు అతుక్కుపోయాను. లోపల ఎవరూ తల కూడా ఎత్తలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తున్న పెద్దావిడ మాత్రం, "ఏందయ్యా, కొండ మీద చదువు చదువుతానంటివి, ఇంతకే అట్టయితే ఎట్టా?" అంది. అందరూ నవ్వారు.

ఈ ఒక్కటే స్లాబు, మిగిలినవన్నీ రేకుల ఇళ్ళు. అందుకే క్వారీలో మందు పేల్చే వేళకు రోజూ అందరూ ఇక్కడికే వస్తారట. మల్లేశ్వరి తలుపుకు తాళం వేయదు. తాళం వేసి పోతే వీళ్ళెక్కడికి పోతారని రెండేళ్ళుగా పుట్టింటికే వెళ్ళలేదు. క్వారీ ఆపమని అడగలేదా అన్నాను.

"ఎవర్ని అడగాలి అన్నా? ఇప్పుడు మందు పేల్చింది మా ఆయనే. ఈ స్లాబు ఆ కూలీతోనే ఏసుకున్నాం."

ఆమె అన్నం పెడుతూ, పాడేరు వాళ్ళకు స్లాబు ఇళ్ళున్నాయా అని అడిగింది. తెలియదన్నాను.

తిరుగు బస్సులో ప్రణాళిక కాగితం బయటికి తీశాను. జనం కొండను ఎలా కాపాడుకుంటున్నారన్నది నా పరిశోధనకు ముఖ్య ప్రశ్న. దాన్ని కొట్టేశాను. కొండ నుంచి తమను ఎలా కాపాడుకుంటున్నారో, అదే కొండ మీద ఆధారపడి ఎలా బతుకుతున్నారో రెండు చోట్లా అడగాలి. సోమవారం ఇంటర్వ్యూ వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెలియదు. నా కొండ మాత్రం ఇదే. అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పన్నెండు లోపే కొండ దిగండి. జనం ఏ ఇంట్లోకి పోతుంటే మీరూ ఆ ఇంట్లోకే పొండి, మొహమాటపడకండి.