జేబులో ఉప్పు

పోర్చుగల్ నుంచి నలుగురు విద్యార్థులు ఒక నెల ఉండడానికి మా అనంతపురం కాలేజీకి వచ్చారు. ఈ ప్రాంతపు వారసత్వాన్ని తిండి ద్వారా, పంచేంద్రియాల ద్వారా తెలుసుకుని రాయాలట. మనం రోజూ మూడు పూటలా చేసే పనికి విమానమెక్కి రావాలా అని మొదట్లో నవ్వుకున్నాను. ఎవరికి ఏ ఇంద్రియమని చీట్లు వేసుకుంటే ఇనెస్ అనే అమ్మాయికి రుచి వచ్చింది. బళ్లారి పక్కన సంగనకల్లు గుట్టల మీద వేల ఏళ్ల కిందటి మనుషులు ఉలవలు తిన్నారని ఎక్కడో చదివింది. ఆ గుట్టలు చూసి, ఆ ఉలవలు ఇప్పటికీ వండే ఇంట్లో తినాల్సిందేనని పట్టుబట్టింది. మాటలు అటూ ఇటూ చేరవేసే పని నా మీద పడింది.

అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా బళ్లారికి బస్సులో మూడు గంటలు పడుతుంది, టికెట్టు రెండు వందల లోపే. తెల్లవారుజామునే బయలుదేరితే తొమ్మిదికల్లా దిగి, బస్టాండు బయట వగ్గాని తినొచ్చు. నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన మిరపకాయ బజ్జీ. బండి ఆయన ఆపకుండా వడ్డిస్తుంటే ఇనెస్ చేతులు అడ్డం పెట్టుకుంది. పక్కన టీ తాగుతున్న ఆటో బసప్ప నవ్వి, "సాకు అనాలమ్మా. మా కన్నడలో చాలు అని" అన్నాడు. ఆమె అది పట్టేసుకుంది. బసప్ప ఆటోనే మాట్లాడుకున్నాం, సంగనకల్లుకు పోయి రావడానికి నాలుగు వందలు.

ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కాలి, తర్వాత నల్లరాయి కాలిపోతుంది. పైన బండల మీద ధాన్యం నూరి నూరి పడిన గుంటలు ఉన్నాయి, నున్నగా, అరచేయి పట్టేంత. ఒక బండను బసప్ప చిన్న రాయితో కొడితే గంటలా మోగింది. "స్వల్ప దూరంలో ఇట్లాటివి ఇంగా ఉండె మేడం. శానా మటుకు కంకరైపోయినాయి" అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. ఇనెస్ ఒక గుంటలో వేళ్లు పెట్టి చాలాసేపు కూర్చుంది.

మధ్యాహ్నం భోజనం బళ్లారి బజారు వెనక వీధిలో, మా సహోద్యోగిని మేనమామ నాగరాజప్ప ఇంట్లో. ముందు బొరుగుల అంగడి, వెనక ఇల్లు. ఆయన భార్య సుశీలమ్మ కొర్రన్నం, ఉలవలు ఉడికించిన నీళ్లతో చారు చేసి ఉంచింది. ఈ చారు రుచి ఎలా ఉంటుందో మీ మాటల్లో చెప్పండి అని ఇనెస్ అడిగింది. నేను తెలుగులో చెప్పగానే సుశీలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నన్నడిగితే ఏం జెప్పేది పాపా? కరోనాలో నాకూ మా రాధకీ ఒక్కసారే జరమొచ్చె. రాధ పాయ. నాకు జరం పాయ, దాంతోనే రుచీ వాసనా పాయ. ఇంగ రాలే."

రాధ ఆమె తోడికోడలు. ఇరవై ఏళ్లు ఇద్దరిదీ ఒకటే పొయ్యి. సుశీలమ్మ వండేది, రాధ అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని ఉప్పు చూసేది. "తక్కవైతే 'బాయినీళ్లక్కా' అంటాండె, మొగం మీదనే" అని చెప్పి సుశీలమ్మ మాకు వడ్డించి లోపలికి వెళ్లింది.

అప్పుడు నాగరాజప్ప చొక్కా జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. ఉప్పు. తన కంచంలో చిటికెడు చల్లుకుని, వంటింటి వైపు ఒక కన్నేసి, పొట్లం మా ముందు పెట్టాడు. నేను కాస్త తీసుకున్నాను. ఇనెస్ మాత్రం వద్దంది, ఉన్న రుచి ఉన్నట్టే తెలియాలట. ఆయన గబగబా పొట్లం మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సుశీలమ్మ వచ్చి ఇనెస్ ఎదురుగా కూర్చుంది. "ఉప్పు సరిపోయిందా పాపా?"

ఇనెస్ నాతో ఇంగ్లీషులో, "ఉలవల వాసన బాగుంది, ఉప్పు మాత్రం అసలు లేదు" అంది. నేను, "చాలా బాగుందంటోంది" అన్నాను.

"పాప మొగం ఏరే చెప్తాండాది. ఉండేది ఉండేట్లు చెప్పమ్మా."

చెప్పాను. నాగరాజప్ప తల వంచుకున్నాడు. సుశీలమ్మ లోపలికి పోయి చారుగిన్నె, ఉప్పుజాడీ తెచ్చుకుంది. కాస్త ఉప్పు వేసి కలిపి ఇనెస్ అరచేతిలో నాలుగు చుక్కలు పోసింది. ఇనెస్ తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త వేసి మళ్లీ పోసింది. మూడోసారి ఇనెస్ "సాకు" అంది. సుశీలమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"నొచ్చుకుంటావని ఎవురమూ చెప్పలే" అన్నాడు నాగరాజప్ప. "దినామూ ఏడుస్తాంటివి."

"రాధ పొయ్యినంక ఈ ఇంట్లో నన్ను ఒక్క మాట అనేటోళ్లు లేరు. దానికే ఏడుస్తాంటి." తర్వాత నా వైపు తిరిగింది. "చొక్కాలు ఉతికేది నేనే గదమ్మా. జేబులో ఉప్పు నాకు తెలీదా? ఎప్పుడన్నా నోరు తెరిచి చెప్తాడేమోనని చూస్తాంటి."

ఆయన జేబులోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టి, కంచం ముందుకు జరిపాడు. ఆమె చారు పోసింది. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు, ఆయన తింటూనే ఉన్నాడు.

సాయంత్రం బస్సులో నాకు మా ఇల్లే గుర్తొస్తూ వచ్చింది. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఏం చేసినా, ఏం వండినా, అందరం బాగుంది బాగుంది అంటూనే ఉన్నాం. కష్టంలో ఉన్న మనిషిని నొప్పించకూడదనుకున్నాం. అలా అనుకుని అమ్మను ఒంటరిని చేశామేమోనని దిగులేసింది. ఆ రాత్రి ఇంటికి చేరాక అమ్మ పప్పు వడ్డిస్తే, పులుపు ఎక్కువైందమ్మా అన్నాను. ఆమె నా వైపు చూసి, "ఇన్నాళ్లకు నోరొచ్చిందా నీకు" అంది.

బళ్లారి వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: గొడుగూ నీళ్లూ ఎవరైనా గుర్తు చేస్తారు. ఎవరింట్లోనైనా తినేటప్పుడు ఉప్పు సరిపోయిందా అని అడిగితే మాత్రం నిజం చెప్పండి.